మూసిన ఇంట్లో నాయన గడియారం

దయ్యాలున్నాయని నాతో వాదించి గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు. ఓడినవాళ్లలో మా అత్తగారు కూడా ఉన్నారు. ఇందులో నా గొప్పేమీ లేదు, నా నోరు అలాంటిది. మార్కాపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. హాస్టల్లో గజ్జెల చప్పుడు వినబడుతోందని ఆడపిల్లలు వణుకుతూ వస్తే, ఏ కిటికీ రెక్క ఊడిందో చూసి వచ్చి చెప్పమని వెనక్కి పంపిస్తాను. ప్రతిసారీ ఏదో ఒక రెక్క ఊడే ఉంటుంది.

అందుకే ఇది రాయడానికి మొహమాటంగా ఉంది. మా నాయన గడియారం విషయంలో మాత్రం ఏ రెక్క ఊడిందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నాయన పలకల మీద బతికిన మనిషి. సొంత గని లేదు. పలకలు ఎగుమతి చేసే ఒక షావుకారు దగ్గర సూపర్‌వైజరుగా చేసేవాడు. పలకలు విదేశాలకు బాగా పోయే రోజుల్లో, సరుకు కొనే దొర ఒకాయన వచ్చి నాయన వెంట గనులన్నీ తిరిగాడు. పోయేటప్పుడు తన చేతికున్న స్విస్ గడియారం విప్పి నాయన చేతికి పెట్టాడు. బంగారు కేసు, మీగడ రంగు డయలు, తేదీ చూపించే చిన్న కిటికీ. అది ఎంత గొప్ప కంపెనీదో తెలిశాక షావుకారు కొన్నాళ్లు నాయనతో ముభావంగా ఉన్నాడట.

అంత ఖరీదైన వస్తువని నాయన దాచుకోలేదు. పొలానికీ అదే, పెళ్లికీ అదే. ఒకరోజు బోరు పైపులు బయటికి లాగుతుంటే దాంట్లోకి నీళ్లు పోయాయి. ఆగిపోయింది. అమ్మ దాన్ని పాత పట్టుచీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టింది. అలా చాలా ఏళ్లు ఉండిపోయింది.

మా వైపు గడియారాలు బాగుచేసేవాళ్లకు చూపించకపోలేదు. గిద్దలూరులో ఒకాయన వెనక మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూసి, రెండు చేతులూ జోడించాడు. "దీని జోలికి నేను రానమ్మా, ఇది మన పని కాదు" అన్నాడు. అది నిజాయితీ అని నాయన మెచ్చుకుని అతని దగ్గరే గోడ గడియారం ఒకటి కొన్నాడు.

నాయనకు వయసు మీదపడి, మాట తగ్గి, వరండాలో అటూ ఇటూ తిరగడం ఎక్కువైన రోజుల్లో, నాకు ఆ గడియారం బాగుచేయించాలని పట్టుదల వచ్చింది. హైదరాబాదులో పాత స్విస్ గడియారాలు మాత్రమే చూసే ఒకాయన ఉన్నాడని తెలిసి, నాయననూ చిన్నాయననూ వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆయనకు తన పనంటే మహా గర్వం. ఇది రిపేరు షాపు కాదు, ఆపరేషన్ థియేటర్ అన్నాడు. మేం కూర్చోకముందే ఒకసారి, కూర్చున్నాక ఇంకోసారి అన్నాడు. మా చిన్నాయన ఊరుకోకుండా, "పన్లో పని, బంగారు నీళ్లు పోసి, ఆ మచ్చలు పోయేటట్టు రంగు ఏసియ్యి సామీ" అన్నాడు. ఆయన ముఖం మాడిపోయింది. పాలిష్ పడితే అంచులన్నీ అరిగిపోతాయని, డయలు మీది మచ్చలు ముట్టుకుంటే గడియారం విలువే పోతుందని క్లాసు పీకాడు. నాయనకు ఆ మాట బాగా నచ్చింది. తన ముఖం మీద మచ్చ తడుముకుని నవ్వాడు.

ఆయన వెనక మూత తీసి నాయనకు లోపలి భాగం చూపించాడు. అర్ధచంద్రుడి ఆకారంలో ఒక బరువు, మధ్యలో మేకు మీద తిరుగుతోంది.

"దీంట్ల సెల్లు లేదు పెద్దాయనా. మీ చెయ్యి కదిలినప్పుడల్లా ఇది తిరుగుతది, స్ప్రింగు చుట్టుకుంటది. తీసి పక్కన పెడితే మహా అంటే రెండు రోజులు. ఆగిపోతది."

నాయన ఇంటికొచ్చి ఇదంతా తనే కనిపెట్టినట్టు అమ్మకు చెప్పాడు. "మనిషి కదిలితేనే నడుస్తదంట మే! మనిషి పండుకుంటే అదీ పండుకుంటదంట." అమ్మ పప్పు గుత్తి ఆపకుండానే, "అయితే నీ చేతికి అది జన్మలో ఆగదులే" అంది.

నెలలు పట్టింది. కొన్ని భాగాలు బయటి దేశం నుంచి తెప్పించాలన్నాడు హైదరాబాదాయన. ప్రతి సాయంత్రం నాయన నాకు ఫోన్ చేసి, "హైదరాబాదాయన ఏమన్నా చెప్పినాడా?" అని అడిగేవాడు. పిల్లలు పరీక్ష ఫలితాల కోసం అడిగినట్టుండేది. చివరికి వెళ్లి తెచ్చాను. అన్ని భాగాలూ విడదీసి, కడిగి, నూనె పెట్టి, కొత్త స్ప్రింగు వేసి, కొత్త తోలు పట్టీ తొడిగాడు. మచ్చలు అలాగే ఉంచాడు. నాయన చేతికి మూడో బెజ్జం సరిపోయింది. నేనే పెట్టాను. ఆ పూట ఆయన ముఖం చూడాల్సింది.

ఇంకో సంగతి చెప్పాలి, తర్వాత అర్థమవుతుంది. ఈ పాత గడియారానికి ఏ నెలకు ఎన్ని రోజులో తెలియదు. అన్ని నెలలకూ ముప్పై ఒకటి దాకా లెక్కపెడుతుంది. ముప్పై రోజుల నెల గడిచిందంటే, మనమే పక్కనున్న కీ లాగి తేదీ ముందుకు జరపాలి. నాయన అది మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఎక్కువ రోజులు పెట్టుకోలేదు. ఒక పొద్దున కాఫీ తాగి, మంచం మీద ఒరిగి, మరి లేవలేదు.

పంచాంగం చూసిన అయ్యవారు ధనిష్ఠా నక్షత్రం అన్నాడు. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. కొన్ని ఊళ్లలో పెద్దదినం అయ్యాక మూస్తారు. మార్కాపురం, గిద్దలూరు మధ్య రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన మా ఊళ్లో మాత్రం శవం గడప దాటగానే మూసేస్తారు. తలుపుకు తాళం వేసి, అడ్డంగా ముళ్లకంప కొడతారు. గడువు తీరేదాకా ఎవరూ లోపలికి పోకూడదు, లోపలి వస్తువు ఏదీ బయటికి రాకూడదు.

నేను అరిచాను. నాయన దేహం వాకిట్లో ఉండగానే చిన్నాయనతో గొడవ పెట్టుకున్నాను. ఆయన చేతులు జోడించి, "నీకు పుణ్యముంటది పాపా, ఊరంతా చూస్తుండారు. రేపు ఏమన్నా అయితే మీ యమ్మకు ఎవురు దిక్కు?" అన్నాడు. చివరికి తగ్గాను. తాళం నేనే వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అది చివరిదాకా అందులోనే ఉంది. రెండోది లేదు.

శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగొచ్చాక గడియారం గుర్తొచ్చింది. స్నానానికని దేహాన్ని బయటికి తెచ్చే ముందు చిన్నాయన దాన్ని నాయన చేతి నుంచి విప్పి, మంచం పక్క గూట్లో పెట్టాడట. అక్కడే మరిచిపోయారు. తాళం తీస్తానన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. సరే, గూట్లో ఉన్నదానికి వచ్చే నష్టమేముంది, రెండు రోజుల్లో ఆగిపోతుంది, ఆరు నెలల తర్వాత కదిపితే మళ్లీ నడుస్తుంది అనుకున్నాను.

అమ్మను మార్కాపురంలో, ఉద్యోగం కోసం నేనొక్కదాన్నే ఉంటున్న అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. రెండు గదులు. ఆమె ఒక గదిలోంచి బయటికి వచ్చేది కాదు. కిటికీ తెరిస్తే మూయమనేది. మూస్తే గాలాడలేదనేది. నాకు కాలేజీలో ఉన్నంతసేపూ ఇంటి దిగులు, ఇంటికొస్తే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. మూసింది ఊళ్లో ఇల్లే అయినా, మేమిద్దరం కూడా అందులోనే ఉన్నట్టనిపించేది.

ఒకరోజు అన్నం కలుపుతూ అమ్మ అంది: "తాళం ఏసేటప్పుడు మీ నాయన బయటికొచ్చినాడో లేదో ఎవురు చూసినారు?"

బయటికి తెచ్చింది ఎవరిని మరి అన్నాను. "అది కట్టె" అంది. ఆయన ఒక్కచోట నిలిచే మనిషి కాదు, ఆ చీకట్లో ఎట్ల తిరుగుతున్నాడో, తలుపు తట్టి తట్టి ఉంటాడు అంటూ ఏడ్చింది. ఆ రోజు నుంచి తిండి తగ్గించేసింది. నాయన పోయాడని కాదు ఆమె బాధ. ఆయన్ను లోపల పెట్టి బయట కంప కొట్టామని.

అప్పుడు ఆమెకు ఒక మాట చెప్పాను. ఓదార్పు కోసం ఫిజిక్స్ టీచరుకు వేరే ఏం దొరుకుతుంది? "గడియారం లోపలే ఉంది కదమ్మా. చెయ్యి కదిలితేనే అది నడుస్తుందని నాయనే చెప్పాడు. తెరిచిన రోజు చూద్దాం. అది ఆగిపోయి ఉంటే ఆయన అక్కడ లేనట్టే కదా?"

అమ్మ "అట్లయితే సరే" అంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నేను గెలిచాననుకున్నాను.

మధ్యలో ఒకసారి ఊళ్లో పనుండి వెళ్లి, మధ్యాహ్నం ఇంటి ముందు నిలబడ్డాను. కంప ఎండి, మొదట కొట్టినట్టే ఉంది. ఏమైనా విన్నానని చెప్పను. ఏమీ వినలేదు. పక్కింటి గొర్రెలవాళ్ల లక్ష్మమ్మ, "ఏం చూస్తుండావక్కా, పాడుపెట్టిన ఇంటిని అంతసేపు చూడగూడదు" అంది. నవ్వేశాను గానీ, అక్కణ్ణించి కదలడానికి ఎందుకో కష్టమైంది. మనం ఫోన్ పెట్టేస్తుంటే అవతల మనిషి ఇంకా మాట్లాడబోతున్నట్టనిపిస్తుందే, అలా అనిపించింది.

గడువు తీరింది. పొద్దున్నే అయ్యవారు వచ్చాడు, ఆవును తెచ్చారు. చిన్నాయన పంగల కర్రతో కంప ఎత్తి పక్కన పారేశాడు. ఇంటి ఆడబిడ్డ దీపం పట్టుకుని ముందు పోవాలన్నారు. నేను తాళం తీసి లోపలికి వెళ్లాను. అమ్మ గడప అవతలే నిలబడింది.

నేల మీద దుమ్ము సమంగా పరుచుకుని ఉంది. వెనక్కి తిరిగి చూస్తే నా అడుగులు స్పష్టంగా కనిపించాయి. వేరే అడుగులేవీ లేవు. పెరటి తలుపుకు లోపలి గడియ వేసినట్టే ఉంది. కిటికీలూ అంతే. నాయన మంచం పక్క గూట్లోకి దీపం ఎత్తాను.

గడియారం నడుస్తోంది.

సెకన్ల ముల్లు తిరుగుతోంది. చేతిలోకి తీసుకున్నందువల్ల కదిలిందేమో అనడానికి లేదు, నేనింకా ముట్టుకోలేదు. ఫోన్ తీసి చూశాను. టైము సరిగ్గా ఉంది. తేదీ కూడా ఆ రోజుదే. మూసిన నాటికీ తెరిచిన నాటికీ మధ్య ముప్పై రోజుల నెలలు గడిచిపోయాయి.

బయట నుంచి అమ్మ గొంతు వినిపించింది. "పాపా, ఆగిందా?"

ఆ గొంతులో ఉన్న ఆశ నాకు ఇప్పటికీ గుర్తుంది. గడియారం గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. అరచేతికి దాని టిక్కుటిక్కు తగులుతోంది.

"ఆగిపోయిందమ్మా" అన్నాను.

అమ్మ గడప మీద చతికిలబడి ఏడ్చింది. తర్వాత లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి వచ్చి, చీపురు ఎక్కడుందని అడిగింది. ఆరు నెలల్లో ఆమె తనంతట తాను ఒక పనికి పూనుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నా బుద్ధికి తోచినవన్నీ ఆలోచించాను. గనుల్లో మందు పేల్చినప్పుడు అదిరి ఉంటుందా? మా ఊరికి దగ్గర్లో ఇప్పుడు పేల్చే గనే లేదు. ఎలుకలు కదిలించాయా? పోనీ కదిలించాయనుకుందాం, నెల మారినప్పుడు కీ లాగి తేదీ జరిపే ఎలుక ఏది? ఎవరైనా దొంగతనంగా వచ్చారా? వచ్చినవాడు అడుగు పడకుండా వచ్చి, బంగారు గడియారం వదిలేసి, దానికి తేదీ సరిచేసి పోయాడా? చిన్నాయనను గట్టిగా నిలదీశాను. ఆయన నా మాటకు అదిరిపోయి, మెళ్లో తాయెత్తు కట్టుకున్నాడు. ఆ మనిషికి ఇలాంటి నాటకం ఆడే ధైర్యం లేదు.

గడియారంలోనే లోపముందేమోనని పరీక్షలు చేశాను. మార్కాపురంలో నా బల్ల మీద పెట్టి వదిలేశాను. రెండో రోజుకు ఆగిపోయింది. మళ్లీ నడిపించి, అప్పటికే ఊళ్లో ఇంటికి తిరిగి వెళ్లిపోయిన అమ్మకు తెలియకుండా, అదే గూట్లో పెట్టి వచ్చాను. అక్కడా ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఎక్కడ చూసినా అది బుద్ధిగా ఫిజిక్స్ ప్రకారమే నడుస్తోంది.

చివరికి హైదరాబాదు తీసుకెళ్లాను. మళ్లీ ఒకసారి పూర్తిగా చూడమని మాత్రమే చెప్పాను, సంగతి చెప్పలేదు. ఆయన మూత తీసి, నడక కొలిచే యంత్రానికి పెట్టి, తను చేసిన పనిని తనే మెచ్చుకున్నాడు. ఏ లోపమూ లేదన్నాడు. రోజూ వాడుతున్న గడియారం లెక్కనే ఉందన్నాడు. తర్వాత తోలు పట్టీని వెలుతురుకు పట్టి చూశాడు.

"పట్టీ మాత్రం మారుస్తా మేడం. చెమటకు నల్లబడ్డది" అన్నాడు. మళ్లీ పట్టీని అటూ ఇటూ తిప్పి, "పెద్దాయన ఆరోగ్యం ఎట్లున్నది? బాగా చిక్కినట్టున్నడు" అన్నాడు.

ఎలా తెలిసిందన్నాను. పట్టీ నా ముందు పెట్టాడు. మూడో బెజ్జం దగ్గర లేత గీత ఉంది. నేను పెట్టిన చోటు అది. ఇంకాస్త బిగించి పెట్టే నాలుగో బెజ్జం దగ్గర ఇంకో గీత. చిట్టచివరి బెజ్జం దగ్గర తోలు లోతుగా మడతపడి, బకిల్ ఒరుసుకుని బెజ్జం సాగిపోయి ఉంది. ఎక్కువ రోజులు వాడిన బెజ్జం అదే.

అంతకుముందు ఆ పట్టీని నేను ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నానో. ఒక్కసారీ ఆ బెజ్జాల వైపు చూడలేదు.

నాయన బాగానే ఉన్నాడని చెప్పాను. పట్టీ మార్చొద్దని గడియారం అలాగే తీసుకున్నాను. శ్రీశైలం మీదుగా వచ్చే బస్సెక్కాను. దోర్నాలలో బస్సు ఆపితే అందరూ దిగి టీ తాగుతున్నారు. నేను సీట్లోనే కూర్చుని హ్యాండ్‌బ్యాగు పొట్టకు హత్తుకుని ఏడ్చాను. భయంతో కాదు. ఆరు నెలలు తిండి లేక చిక్కిపోయాడా అని. ఎంత అర్థంలేని ఏడుపో నాకు తెలుసు. చనిపోయిన మనిషి చిక్కడమేమిటి? అయినా ఆగలేదు. పక్క సీటు ఆవిడ, "ఏందమ్మా, ఎవురన్నా పోయినారా?" అని అడిగింది. మా నాయన అన్నాను.

అమ్మ ఇప్పుడు ఊళ్లో ఆ ఇంట్లోనే ఉంటోంది. తిండి తింటోంది. లక్ష్మమ్మతో తగవులు కూడా పడుతోంది. ఆమెకు నేను ఏదీ చెప్పలేదు.

మొన్న చిన్నాయన కూతురి పెళ్లి దర్శిలో జరిగింది. అమ్మా నేనూ కొన్ని రోజులు ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆటో వచ్చి ఆగింది. అమ్మ ఎక్కి కూర్చుంది. నేను తలుపు మూసి తాళం చేతిలోకి తీసుకున్నాను.

నిజానికి నేను చేయాల్సిన పరీక్ష అదొక్కటే మిగిలింది. మనుషులెవరూ లేని ఇంట్లో గడియారం గూట్లో పెట్టి, తాళం వేసి, మళ్లీ తెరిచి చూడాలి. ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. గడియారం నా బ్యాగులోనే ఉంది.

చెయ్యి రాలేదు. గూట్లో పెట్టడం సంగతి అలా ఉంచండి, తలుపుకు తాళం వేయడానికే చెయ్యి రాలేదు. తలుపు దగ్గరగా వేసి, తాళం పట్టుకునే ఆటో ఎక్కాను.

ఆటో ఊరు దాటాక అమ్మ నా చేతిలో తాళం చూసింది. రోడ్డు వైపు చూస్తూ, మామూలుగా, కూర ఏం వండాలో చెప్పినట్టే చెప్పింది.

"రేపు నేను పోయినప్పుడు, ఏ నచ్చత్రమన్నా గానీ, మీ చిన్నాయన ఎంత మొత్తుకున్నా గానీ, నాకు కంప కొట్టనియ్యొద్దు పాపా. మీ నాయనంటే మొగోడు, ఓర్సుకున్నాడు. నేను ఓర్సుకోలేను."

అంటే అమ్మకు తెలుసు. గడప మీద కూర్చుని ఏడ్చిన ఆ పొద్దునే తెలుసో, నా ముఖం చూసి తర్వాత తెలుసుకుందో, నేను అడగలేదు. ఆ ఆటోలో అమ్మ చెయ్యి పట్టుకుని, కొట్టనియ్యనమ్మా అని మాటిచ్చాను.